ఫోన్‌లోకి ఏది పోవాలె, ఏది పోవద్దు

సెల్‌ఫోన్ వచ్చి ఆదివాసీ సంస్కృతిని చెడగొట్టిందని సభల్లో పెద్దలు అంటుంటారు. ఫోన్ వల్లనే మన ఆట, మన పాట లోకానికి తెలిసిందని యువకులు జవాబిస్తారు. ఈ రెండు మాటలనూ మేము చాలా ఏండ్లుగా వింటున్నాం. రెండూ ఫోన్ గురించిన మాటలే. దాంట్లోకి మనం ఏం పంపుతున్నాం, దాంట్లోంచి మన పిల్లలు ఏం తీసుకుంటున్నారు అన్న లెక్క మాత్రం ఎవరూ తీయడం లేదు. ఉట్నూరు చుట్టుపక్కల బళ్ళలో గోండు, కొలాం, పర్ధాన్ పిల్లలకు పాఠం చెప్పేవాళ్ళుగా మాకు ఆ లెక్కే ముఖ్యం. అందుకే ఈ వ్యాసం.

ముందు చిన్న సంగతి చూద్దాం. మన పిల్లలు ఫోన్‌లో తెలుగు అక్షరాలతో గోండి రాస్తారు. 'నార్' అని కొడితే కీబోర్డు 'నారు' అని దిద్దుతుంది. మన ఊరు కాస్తా వరి నారు అయిపోతుంది. 'ఏర్' అంటే మనకు నీళ్ళు, దానికి ఏరు. 'రండ్' అని రెండు లెక్కపెడితే అది 'రండి' అని పిలుస్తుంది. 'నర్కా' అంటే రాత్రి. దాన్ని నరకం చేసి పెడుతుంది. 'ఉండి' ఒక్కటే దాని చేతిలో చెక్కు చెదరదు, ఎందుకంటే ఆ మాట తెలుగులోనూ ఉంది. కానీ మనకు అది 'ఒకటి', తెలుగుకు వేరే. పిల్లలు మొదట నవ్వుకుంటారు, తర్వాత విసుక్కుంటారు, ఆ తర్వాత తెలుగులోనే రాయడం మొదలుపెడతారు. ఎవరూ నిషేధించలేదు, ఎవరూ కొట్టలేదు. బళ్ళో గోండి మాట్లాడితే దెబ్బలు తిన్న తరం మాది. ఇప్పుడు దెబ్బ లేదు. వేలి కింద వచ్చే దిద్దుబాటు ఉంది, అంతే.

గోండి, తెలుగు ఒకే ద్రావిడ కుటుంబం కాబట్టి ఈ చిక్కు ఇంకా ఎక్కువ. పూర్తిగా వేరే భాష అయితే యంత్రం దిద్దలేక వదిలేస్తుంది. దగ్గరి చుట్టం కాబట్టి ప్రతి మాటకూ అది ఒక తెలుగు మాటను వెతికి పట్టుకుంటుంది.

యంత్రానికి మన మీద పగ ఏమీ లేదు. ఎవరు రాసి పెట్టింది ఎక్కువుంటే వాళ్ళ మాటలనే అది నేర్చుకుంటుంది. 2011 జనాభా లెక్కల్లో గోండి మాతృభాష అని చెప్పినవాళ్ళు సుమారు 30 లక్షల మంది. అది చిన్న సంఖ్య కాదు. కానీ ఆ 30 లక్షల మందిలో గోండిలో ఉత్తరం రాసినవాళ్ళు ఎందరు? ఒక ఫిర్యాదు, ఒక ఖాతా లెక్క, ఒక జోకు గోండిలో కాగితం మీద పెట్టినవాళ్ళు ఎందరు? మాట్లాడేవాళ్ళను యంత్రం లెక్కపెట్టదు, రాసిన వాక్యాలను లెక్కపెడుతుంది.

రాసినవి కూడా దానికి అందకుండా పోయిన కథ ఇంకొకటి ఉంది. మనం ఇన్నేండ్లు అచ్చువేసుకున్న చిన్న పుస్తకాలు, జాతర సంచికలు, సంఘం కరపత్రాలు డీటీపీ షాపుల్లో పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో కూర్చినవి. ఆ ఫైలును ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి గీతలు కనిపిస్తాయి. కాగితం మీద చదవడానికి బాగానే ఉంటుంది గాని, ఇంటర్నెట్‌లో వెతికితే అందులోని ఒక్క మాట దొరకదు. యూనికోడ్ అనే పద్ధతిలో ప్రతి అక్షరానికి ప్రపంచమంతా ఒప్పుకున్న ఒక సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్యతో రాస్తేనే ఒక చోట కొట్టిన 'అ' ఇంకో చోట 'అ'గా చేరుతుంది, వెతికితే దొరుకుతుంది. అను ఫాంట్‌లో ఉన్నదాన్ని యూనికోడ్‌లోకి మార్చుకునే పరికరాలు ఉన్నాయి. మార్చిన తర్వాత ఓపికగా ప్రూఫు దిద్దే మనిషి కావాలి. మన సంఘాల్లో ఫ్లెక్సీ కొట్టించడానికి చందా వస్తుంది, ప్రూఫు దిద్దించడానికి రాదు.

మనం రాసింది అందకపోతే యంత్రానికి మన గురించి ఏమీ తెలియదా? తెలుసు. ఇతరులు రాసింది దానికి అందింది. హైమన్‌డార్ఫ్ మన ఊళ్ళలో తిరిగి రాసిన గోండుల పుస్తకం 1948లో వచ్చింది. ఆయన తీసిన ఫొటోలు లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి, ఇంటర్నెట్‌లోనూ చూడవచ్చు. మన తాతల కాలం ఫొటో మనవడికి లండన్ మీదుగా రావడం వింతే. అయినా ఆ మనిషి ఊళ్ళలో ఉండి, అడిగి, చూసి రాశాడు కాబట్టి దానికి ఒక విలువ ఉంది. అసలు బాధ ఆ తర్వాతి రాతలతో. పర్యాటక శాఖ కరపత్రం తరహా రాతలు, పోటీ పరీక్షల గైడ్లు, పండుగ రోజు వార్తలు: 'కొండకోనల్లో', 'ప్రకృతి ఒడిలో', 'అమాయక గిరిజనులు'. ఇప్పుడు ఫోన్‌లోని ఏఐని మన గురించి అడిగితే వచ్చేది చాలా వరకు ఈ గొంతే. తెలుగు శుభ్రంగా ఉంటుంది, తప్పు ఒక్కటీ కనపడదు. అదే ప్రమాదం.

తొమ్మిదో తరగతి పిల్లలకు దండారి మీద వ్యాసం రాయమని ఇంటిపని ఇచ్చాం. కొన్ని నోటు పుస్తకాల్లో ఒకే వాక్యాలు వచ్చాయి. వాటిలో ఒకటి, దండారిలో స్త్రీలూ పురుషులూ కలిసి ఆడతారని. మనకు తెలుసు, దండారిలో చీర కట్టుకొని ఆడే 'పోరి' మగపిల్లవాడే. ఆ వాక్యం రాసిన పిల్లల్లో ఒకడి సొంత అన్న ఆ ఏడాది పోరి వేషం కట్టాడు. వాడు ఆ చీర మడత పెట్టాడు, గజ్జెలు మోశాడు, అన్న వెంట పక్క ఊరికి పోయి అక్కడి పొయ్యి దగ్గర తిన్నాడు. అయినా ఫోన్ చెప్పిందే రాశాడు. ఎందుకు రా అంటే, "అదే కరెక్టు అనుకున్న సార్, తెలుగుల మంచిగ ఉన్నది" అన్నాడు. తన కండ్లతో చూసినదాని కంటే మంచి తెలుగులో ఉన్నది నిజమని వాడికి నేర్పింది ఫోన్ కాదు. అంతకు ముందే బడి నేర్పింది. పాఠ్యపుస్తకంలో ఉన్నదే జవాబు, ఇంట్లో ఉన్నది జవాబు కాదు అని ఏండ్ల తరబడి మార్కులు వేశాం కదా మన వ్యవస్థలో. ఏఐ ఆ పాత అలవాటు మీదనే వచ్చి కూర్చుంది.

ఇక మనవాళ్ళు ఇష్టంగా పంపుతున్నవి చూద్దాం. వీడియోలు. గుస్సాడి నెమలి ఈకల కిరీటం తలకెత్తుకున్న వీడియో, తుడుం మోత, డీజే కలిపిన గోండి పాట, పెద్ద పూజ దగ్గర చేతులెత్తి పట్టుకున్న పది ఫోన్లు. ఈ పని చేసే పిల్లలను తిట్టడం మాకు ఇష్టం లేదు. వాళ్ళకు తమ కులం మీద గర్వం ఉంది, దాన్ని చూపించుకోవడానికి వాళ్ళకు ఇంకో చోటు ఎవరు ఇచ్చారు? మర్లవాయి గుస్సాడి కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చినప్పుడు ఆ గర్వం అందరిదీ. కానీ గుస్సాడికి ఒక కాలం ఉంది, నియమం ఉంది. దీపావళి రోజుల్లో ఆ వేషం కట్టినవాడు స్నానం చేయడు, ముగిసేదాకా ఆ కట్టుబాటులోనే ఉంటాడు. ముప్పై సెకన్ల రీలుకు కాలం లేదు. ఎండాకాలంలో చూసినా ఆడుతుంది, పెండ్లి బరాత్ పాట కింద పెట్టినా ఆడుతుంది. (మంత్రులు వచ్చినప్పుడల్లా గుస్సాడీలను ఎదురు నిలబెట్టే అలవాటు ఫోన్ కంటే పాతది. ఆ సంగతి మరిచిపోయి ఫోన్ ఒక్కదాన్నే తిట్టడం న్యాయం కాదు.)

మా విమర్శ ఇది. లోపల ఉండవలసింది బయటికి పోతున్నది. బయటికి రావలసింది లోపలే ఎండిపోతున్నది. పేన్ పూజ, పర్ధాన్ కిక్రి మీద ఆ వంశానికే, ఆ రాత్రే చెప్పే కథ, వీటికి వినేవాళ్ళు ఎవరో ముందే నిర్ణయమై ఉంది. వాటిని ఎవరికి పడితే వాళ్ళకు చూపిస్తున్నాం. రోజూ మాట్లాడే గోండి, అంటే అంగట్లో బేరం, చేనులో పురుగు సంగతి, పోడు భూమి కాగితం గురించిన వాదన, అక్కాచెల్లెళ్ళ కొట్లాట, దవాఖానలో చెప్పుకోలేని నొప్పి, వీటికి ఏ గుట్టూ లేదు, ఏ నియమమూ లేదు. ఇవే రాతలోకి రావడం లేదు. భాష బతికేది వీటితో. దేవుని పాటతో మాత్రమే బతికే భాష సంస్కృతంలాగ అయితది.

పొడుగు కథ సంగతి కూడా ఇక్కడే చెప్పాలె. కోయల డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య గారు కంచుమేళం పట్టి తమ వీరుల కథలు చెప్పేవారు. 2022లో పద్మశ్రీ ఇచ్చారు. కనకరాజు గారు, ఆయన, ఇద్దరూ 2024లోనే పోయారు. మా పిల్లల ఫోన్లలో ఇద్దరివీ ఉన్నాయి, ఢిల్లీలో అవార్డు తీసుకుంటున్న దృశ్యాలు. డోలి, పర్ధాన్ చెప్పే కథకు పొడుగే ప్రాణం. వినేవాడు మధ్యలో ఊ కొడతాడు, ముసలాయన ఒక పేరు సరిదిద్దుతాడు, పిల్లలు అక్కడే నిద్రపోతారు, కథ వాళ్ళ చెవుల్లోంచి పోతూనే ఉంటుంది. దాన్ని ముక్కలు కోసి, బాగా అరిచిన ముక్కను పైకి పెడితే మిగిలేది అరుపు.

ఇంత చెప్పాక కూడా ఫోన్‌ను పక్కన పెట్టమని మేము అనం. అది మనకు చేసిన ఒక మేలు రాతలో లేదు, గొంతులో ఉంది. చదువు రాని అమ్మ కిన్వట్‌లో ఉన్న బిడ్డకు గోండిలో వాయిస్ మెసేజ్ పంపుతుంది. సరిహద్దు అవతల చంద్రపూర్, నాందేడ్, యవత్‌మాల్ జిల్లాల మన చుట్టాలు దేవనాగరిలో చదువుకున్నారు, మనం తెలుగులో చదువుకున్నాం. కాగితం మీద ఒకరిది ఒకరికి తెలియదు. వాయిస్‌లో ఏ అడ్డూ లేదు. రాష్ట్రాలు గీసిన గీతను ఈ ఒక్క బొత్తాం దాటించింది. 2010లో ఛత్తీస్‌గఢ్‌లో శుభ్రాంశు చౌధరి మొదలుపెట్టిన సీజీనెట్ స్వర ఈ బలాన్ని ముందే గుర్తుపట్టింది. ఒక నంబరుకు ఫోన్ చేసి తమ మాటలో చెప్పుకుంటే రికార్డయ్యేది, సరిచూసిన తర్వాత మిగతావాళ్ళు వినేవారు. చేతిపంపు చెడిపోయిన సంగతి, కూలి రాని సంగతి గోండిలో చెప్పుకోవడానికి అది చోటిచ్చింది. అందులో పండుగ లేదు, వేషం లేదు. రోజువారీ మాట ఉంది. మన ప్రాంతంలో అటువంటి పని ఇంకా చేయవలసే ఉంది.

లిపి గొడవ దగ్గరికి వద్దాం. మన సభల్లో సగం కాలం దీనికే పోతుంది. నార్నూర్ మండలం గుంజాలలో పెద్దల దగ్గర ఉన్న చేతిరాత ప్రతులు వెలుగులోకి వచ్చాక మనకూ సొంత లిపి ఉందన్న ధైర్యం వచ్చింది. మధ్యప్రదేశ్ వైపు మున్షీ మంగళ్ సింగ్ మసారాం తయారుచేసిన లిపి వేరే ఉంది. మసారాం గోండికి 2017లో, గుంజాల గోండికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. ఇది చిన్న గెలుపు కాదు. అయితే గెలిచింది ఇంటి జాగా మాత్రమే, ఇల్లు ఇంకా కట్టలేదు. మామూలు ఫోన్ కొని తెరిస్తే గుంజాల కీబోర్డు ఎదురుగా ఉండదు. అక్షరాలు చాలా ఫోన్లలో గడులుగా కనిపిస్తాయి.

సంతాలీలను చూడండి. రఘునాథ్ ముర్ము 1925లో ఓల్ చికి లిపి చేశాడు. దానికి యూనికోడ్ చోటు 2008లో వచ్చింది. ఈ మధ్య 80 ఏండ్లకు పైగా వాళ్ళు కూర్చొని ఎదురుచూడలేదు. నాటకాలు రాశారు, పత్రికలు వేశారు, బడి పుస్తకాలు రాశారు. 2003లో సంతాలీ ఎనిమిదో షెడ్యూలుకు ఎక్కింది, 2018లో సంతాలీ వికీపీడియా మొదలైంది. యంత్రం వచ్చేసరికి దానిలో పోయడానికి వాళ్ళ దగ్గర గింజలు ఉన్నాయి. మన దగ్గర గిన్నె ఏ ఆకారంలో ఉండాలన్న తగువు ఉంది.

గుంజాల లిపి నేర్పడం ఆపవద్దు. పిల్లలు తమ పేరు ఆ అక్షరాల్లో రాసుకున్నప్పుడు వాళ్ళ ముఖం చూసినవాళ్ళు ఎవరూ ఆపమనరు. కానీ లిపి తేలేదాకా రాయం అనడం మాకు ఒప్పుదల కాదు. తెలుగు అక్షరాల్లో ఇవాళ గోండి రాస్తే, రేపు దాన్ని గుంజాలలోకి, దేవనాగరిలోకి మార్చడం కంప్యూటర్‌కు పెద్ద పని కాదు, యూనికోడ్‌లో రాస్తే చాలు. రాయని వాక్యాన్ని ఏ కంప్యూటరూ మార్చలేదు.

తొందర ఎందుకో కూడా చెప్తాం. కేంద్ర గిరిజన వ్యవహారాల మంత్రిత్వ శాఖ 2025లో ఆది వాణి అనే అనువాద యాప్ తెచ్చింది. సంతాలీ, భిలీ, ముండారీలతో పాటు గోండి కూడా అందులో ఉంది. సంతోషించవలసిన పనే. అయితే ఆ గోండి ఛత్తీస్‌గఢ్ గోండి. ఆదిలాబాద్ గోండి యాస వేరు, చాలా మాటలు వేరు. అక్కడివాళ్ళు కూర్చొని మాటలు ఇచ్చారు కాబట్టి వాళ్ళ గోండి లోపలికి పోయింది, అందులో వాళ్ళ తప్పేమీ లేదు. మనం ఇవ్వకుండా ఊరుకుంటే కొన్నేండ్లకు మన పిల్లవాడు ఫోన్‌ను చూసి, మన అవ్వ మాట్లాడే గోండి తప్పు అంటాడు. పోరి సంగతిలో జరిగింది భాషలోనూ జరుగుతుంది.

చదువు విషయం. 2020 సెప్టెంబరులో కరోనా వల్ల బళ్ళు మూసి టీవీలో, టీ-శాట్‌లో పాఠాలు మొదలుపెట్టినప్పుడు సిగ్నల్ లేని ఊళ్ళ గురించి, గుట్టలెక్కిన పిల్లల గురించి చాలా రాశారు. సిగ్నల్ ఉన్న ఊళ్ళ గురించి ఎవరూ రాయలేదు. అక్కడ పాఠం వచ్చింది, మూడో తరగతి పిల్లకు ఒక్క ముక్క అర్థం కాలేదు, ఎందుకంటే టీచరు టీవీలో ఉన్నాడు, మధ్యలో గోండిలో చెప్పే మనిషి లేడు. బళ్ళో అయితే పాఠం తెలుగులో ఉన్నా, పక్క పిల్ల చెవిలో గోండిలో చెప్తుంది. ఆ గుసగుసే మన అసలు బోధన. తెర దగ్గర ఆ గుసగుసకు చోటు లేదు. ట్యాబ్‌లు, స్మార్ట్ టీవీలు పంచేవాళ్ళు ఈ ఒక్క సంగతి ఆలోచించాలె. 1943లో మర్లవాయిలో టీచర్ల శిక్షణ పెట్టినప్పుడు గోండి వాచకాలు దేవనాగరిలో వచ్చాయి, తర్వాత నిలవలేదు. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది ఆదివాసీ భాషల్లో మాతృభాషా బోధన మొదలుపెట్టారు, తెలుగు లిపిలో మంచి పుస్తకాలు వచ్చాయి. అవి ఇవాళ ఎన్ని బళ్ళలో పిల్లల చేతుల్లో ఉన్నాయో మీ బడి బీరువా తెరిచి చూడండి. కోట్ల రూపాయల యంత్రం కంటే ముందు ఆ పుస్తకాలను యూనికోడ్‌లో పెట్టి ప్రతి ఫోన్‌కూ పంపవచ్చు. ఖర్చు తక్కువ.

మన యువ రచయితలకు ఒక మాట. స్టేటస్ కోసం రాసే నాలుగు లైన్ల కవితలు చాలా వస్తున్నాయి. అన్నిట్లో జల్, జంగల్, జమీన్ ఉంటుంది, కొమురం భీము ఉంటాడు, చివర మూడు ఆశ్చర్యార్థకాలు ఉంటాయి. పేరు తీసేస్తే ఎవరిదో చెప్పలేం. భీమును తలుచుకోవద్దని కాదు. జోడేఘాట్ నుంచి బస్సులో తిరిగి వస్తూ పక్క సీటు ముసలమ్మ ఏమన్నదో రాయండి, ఆమె అన్న మాటల్లోనే, గోండిలోనే. అది స్టేటస్‌లో పట్టదు. పట్టకపోతే పోనీ.

మేము కొందరం టీచర్లం కలిసి ఒక పని మొదలుపెట్టాం. పిల్లలు ఏఐతో రాయించుకుంటే రాయించుకోనిస్తాం. తర్వాత ఆ కాగితం ఇంటికి తీసుకుపోయి, అవ్వకో తాతకో గోండిలో చదివి వినిపించాలె. వాళ్ళు "కాదు" అన్న ప్రతి వాక్యం కింద ఎర్ర గీత. గీతలు ఎక్కువ తెచ్చిన పిల్లకు ఎక్కువ మార్కులు. కాదన్న తర్వాత వాళ్ళు చెప్పినదాన్ని గోండిలో, తెలుగు అక్షరాల్లో, కీబోర్డు దిద్దుబాటు ఆపేసి కొట్టాలె. దిద్దుబాటు ఎట్లా ఆపాలో ఫోన్ సెట్టింగ్స్‌లో పిల్లలే మాకు చూపించారు.

రికార్డు చేసిన గొంతులకు మాత్రం ఒక కాగితం జతచేస్తున్నాం. చెప్పినవాళ్ళ పేరు, ఊరు, సగ, తేదీ, ఏ సందర్భంలో చెప్పింది. చివరి గడి, ఎవరు వినవచ్చు అన్నది. దాన్ని పిల్లలు నింపరు, చెప్పినవాళ్ళే చెప్పాలె. 'అందరూ' అని వస్తే గ్రూపులో పెడతాం. 'మా వంశం వాళ్ళు' అని వస్తే మెమరీ కార్డు ఊరి పట్లా ఇంటికి పోతుంది. గడి ఖాళీగా ఉంటే ఫైలు అక్కడే ఆగుతుంది. ఇప్పటికి ఎక్కువ కార్డులు పట్లాల ఇండ్లలోనే ఉన్నాయి, గ్రూపులో పెట్టగలిగింది తక్కువ. పెట్టినవాటిలో పిల్లలు ఎక్కువసార్లు విన్నది పేన్ కథ కాదు, ఎలుగుబంటి తరిమితే చెప్పులు వదిలి చెట్టెక్కిన తాత ముచ్చట.